హారికకు, మీ స్కూల్ పత్రిక గురించి

చిరంజీవి హారికకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి నడుము నొప్పి తగ్గింది. తాతయ్య పొద్దున్నే పేపరు పట్టుకుంటే టెండర్ నోటీసులు కూడా వదలడం లేదు. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. పరీక్షల హడావుడేమో అనుకున్నాం. నిద్ర సరిగ్గా పోతున్నావా?

మొన్న ప్రసాద్ బాబాయి మాటల్లో నీ సంగతి తెచ్చాడు. మీ పత్రికలో ఆటల ఫండ్ లెక్కల మీద పెద్ద వార్త వస్తోందట, అందులో మీ పీఈటీ సార్ పేరు ఉంటుందట, రాసేది నువ్వేనట. స్వాతి చెప్పిందన్నాడు. ఈ ఉత్తరం రాస్తున్నది దాని గురించి కాదులే. పత్రిక టీమ్‌లో చేరావు కదా, మొదట్లోనే తెలియాల్సినవి నాలుగు మాటలు చెబుదామని.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. ఈ ఆరింటికీ జవాబు దొరికితే వార్త సగం వచ్చేసినట్టే. వాటిలో ముఖ్యమైనది మొదటి పేరాలోనే పడాలి. పేజీలో చోటు చాలకపోతే మా పేపరాఫీసు డెస్క్‌లో మేం కోసేది కింది నుంచే, అందుకని అసలు సంగతి చివరి పేరాలో దాచుకోకూడదు. ఆరింటిలోనూ 'ఎందుకు' దగ్గరే తొందరపడతారు. రిజిస్టర్‌లో లెక్క తేలకపోవడం ఒక విషయం, ఎవరో డబ్బు తినేశారనడం ఇంకో విషయం. మొదటిది రశీదులు ముందేసుకుని కూడితే తెలిసిపోతుంది. రెండోదానికి ఆ రశీదులు చాలవు. నీ దగ్గర రిజిస్టర్ నకలు ఉందా, లేక ఎవరో చూశామని చెప్పిన మాటేనా? ఊరికే అడుగుతున్నాను.

మాట్లాడిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో పైన తేదీ, టైమ్, మనిషి పేరు ఇంటిపేరుతో సహా రాసుకో. వాళ్ల మాటల్ని కొటేషన్‌లో పెట్టాలంటే లేచే ముందు వాళ్లకే చదివి వినిపించి, "ఇలాగే అన్నారా?" అని అడుగు. అన్నట్టు, చిన్నపిల్లల పేర్లు ఆరోపణల వార్తల్లోకి రానివ్వకు.

నీకొక సంగతి చెప్పాలి. 2017లో అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ హైస్కూల్లో జరిగింది. అక్కడి పిల్లల పత్రిక పేరు బూస్టర్ రీడక్స్. స్కూల్‌కి కొత్త ప్రిన్సిపాల్ వస్తున్నారంటే, ఆవిడని పరిచయం చేస్తూ మామూలు వ్యాసం ఒకటి రాద్దామనుకున్నారు. ఆవిడ పెద్ద డిగ్రీలు చేశానన్న యూనివర్సిటీ పేరు నెట్‌లో వెతికితే, దాని వెబ్‌సైటే పనిచేయడం లేదు. మనవాళ్లయితే ఆ రాత్రికే 'దొంగ డిగ్రీ' అని గ్రూపులన్నిట్లో పెట్టేసేవాళ్లు. ఆ పిల్లలు అలా చేయలేదు. ఆవిడతోనే ఫోన్‌లో మాట్లాడారు. జవాబులు పొంతన లేకుండా ఉంటే, ఆ యూనివర్సిటీకి గుర్తింపు ఉందో లేదో అధికారుల దగ్గర వాకబు చేశారు. తెలిసిందేమిటో, ఆవిడ ఏమన్నారో రాసి మార్చి నెలాఖరున అచ్చువేశారు. ఏప్రిల్ 4న ఆవిడ రాజీనామా చేశారు. అక్కడ విద్యార్థి పత్రికలకు రక్షణగా ఒక చట్టం ఉండటం కూడా కలిసొచ్చిందనుకో.

ఇందులో నాకు బాగా నచ్చింది రాజీనామా కాదు. పత్రిక బాధ్యత చూసే టీచర్ ఆ ప్రిన్సిపాల్‌ని ఎంపిక చేసిన కమిటీలో ఉన్నారు. అందుకని ఆ ఒక్క వార్తకు తాను పక్కకు తప్పుకున్నారు. వార్తలో తప్పు లేకపోయినా, రాయించినవాళ్లకి అందులో ఏదో ఉందన్న అనుమానం చదివేవాడికి రాకూడదు.

తల్లీ, కిందటేడు వాలీబాల్ టీమ్‌లోంచి నిన్ను తీసేసింది మీ పీఈటీ సారే కదా. అప్పుడు నువ్వెంత ఏడ్చావో నాకు తెలుసు, అది అన్యాయమనే నేనూ అనుకున్నాను. కానీ ఈ వార్త కింద నీ పేరుంటే స్కూలంతా ముందు గుర్తుచేసుకునేది ఆ వాలీబాల్ సంగతే. రశీదుల్లో ఏముందో ఎవరూ చూడరు. వార్తను మానుకోమని చెప్పడం లేదు. పిల్లలు కట్టిన డబ్బుకి లెక్క అడగాల్సిందే. నీ దగ్గరున్న కాగితాలన్నీ మీ ఎడిటర్‌కి ఇచ్చి, ఈ సంగతి విప్పి చెప్పి, ఇంకొకరిని రాయమను.

ఎవరు రాసినా సార్ వివరణ తీసుకోవాలి. అదీ పేపరు అచ్చుకెళ్లే సాయంత్రం కారిడార్‌లో అందరి ముందూ నిలబెట్టి కాదు. రెండు రోజుల ముందే, ఇద్దరు వెళ్లి, కూర్చుని, అడగదలచుకున్న ప్రశ్నలు కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఆయన చెప్పింది వార్తలో పైనే రావాలి, చివరి లైన్లో ఇరికించకూడదు. మాట్లాడనంటే మాట్లాడనన్నారనే రాయండి. 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అని మాత్రం రాయకండి, మీ స్కూల్లో వర్గాలేముంటాయి, అందరూ అందరికీ తెలిసినవాళ్లే.

తొందర కూడా వద్దు. 1948లో అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి, ప్రింటర్ల సమ్మె మూలంగా ముందుగా అచ్చుకి వెళ్లాల్సొచ్చి, ట్రూమన్‌ను డ్యూయీ ఓడించేశాడని చికాగో డైలీ ట్రిబ్యూన్ హెడ్డింగ్ పెట్టేసింది. గెలిచింది ట్రూమన్. ఆ పేపర్ చేత్తో ఎత్తి చూపిస్తూ ఆయన నవ్వుతున్న ఫోటో ఇప్పటికీ తిరుగుతోంది. అంత పెద్ద పత్రికకే అలా అయింది. మీ సంచిక వారం ఆలస్యమైతే కొంపేం మునగదు.

ఆదివారం తప్పకుండా ఫోన్ చెయ్యి. బాబాయి చెప్పినదాంట్లో ఎంత నిజమో నీ నోట వినాలి. కోప్పడను, అమ్మకి కూడా అదే చెప్పాను. వార్త తయారయ్యాక కావాలంటే నాకు చూపించు. దిద్దను, ప్రశ్నలు మాత్రం అడుగుతాను. ఆ నోట్‌బుక్ క్లాస్‌లో బెంచీ మీద వదిలేయకు, బ్యాగ్‌లోనే పెట్టుకో. పడుకుని ఫోన్‌లో టైప్ చేయకు, మెడ పట్టేస్తుంది.

ఇట్లు,
మీ నాన్న