బానెట్ ఎందుకు తెరిచి ఉంది తల్లీ

చి.ల.సౌ. పద్మకు నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం కులాసా. అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది. అల్లుడుగారిని, బుజ్జిగాడిని అడిగామని చెప్పు. ఫోన్లో అయితే నువ్వు "అంతా బాగుంది నాన్నా, సిగ్నల్ పోతోంది" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు, తొందరేమీ లేదు. కానీ చదివిన రోజే జవాబు రాయి.

ఫొటోలు అన్నీ చూశాం. అమ్మ వాటిని టీవీలో పెట్టించుకుని ఒక్కొక్కటీ చూసింది. ఆ ఆస్ట్రేలియా తీరాన సముద్రంలో నిలబడిన ట్వెల్వ్ అపోసల్స్ రాళ్ల వెనక నీళ్లు భలే నీలంగా పడ్డాయి. ఒక ఫొటోలో బుజ్జిగాడు ఐస్‌క్రీమ్ పట్టుకుని నిలబడ్డాడు. బుగ్గలు కందిపోయాయి, నెత్తిన టోపీ లేదు, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. ఫొటో కుడి అంచున మీ కారు ముందు భాగం సగం పడింది. బానెట్ తెరిచి ఉంది. చక్రం పక్కన నేల తడిగా ఉంది. నా ఉద్యోగమంతా బానెట్ల కిందే గడిచింది తల్లీ. విహారానికి వెళ్లినవాళ్లు మిట్టమధ్యాహ్నం ఎండలో ఊరికే బానెట్ తెరవరు.

పైగా మొన్న మీ శారదత్త ఫోన్ చేసి, "బుజ్జిగాడికి వడదెబ్బ తగిలిందటగా, ఇప్పుడెలా ఉంది?" అని అమ్మను అడిగింది. అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు. వాళ్లవాడు మెల్‌బోర్న్‌లోనే ఉన్నాడు కాబట్టి వార్త ఎటునుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది. శారదత్త మాటల్లో సగం తీసెయ్యాలని మామయ్య కాలు విషయంలోనే చూశాం. అయినా ఆదివారం నుంచి నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేకపోయేసరికి మనసు మనసులో లేదు. సరే, ఆ సంగతి వదిలేయ్. నేను రాద్దామని కూర్చున్నది ఆ దారి గురించి.

ఆ రాళ్ల దాకా తీరం వెంబడి వెళ్లే గ్రేట్ ఓషన్ రోడ్ అంటే నాకు గౌరవం. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919లో మొదలుపెట్టి 1932 దాకా పలుగూ పారా పట్టుకుని కొండ చెక్కి వేశారని, యుద్ధంలో పోయిన తోటివాళ్లకు అదే స్మారకమని అల్లుడుగారు ఆ రోడ్డు మీది స్మారక ఆర్చి దగ్గర చదివి చెప్పారు. అంత కష్టపడి వేసిన రోడ్డు మీద తొందరపడి పోవడం మర్యాద కాదు. కారవాన్, అదే ఆ చక్రాల ఇల్లు, కారు వెనక తగిలించుకుని వెళ్లేటప్పుడు వెనక బండ్లు బారులు తీరితే, పక్కకి తీసే చోటు రాగానే తీసి వాళ్లకి దారి ఇవ్వండి. వెనకవాడు హారన్ కొట్టాడని మలుపుల్లో వేగం పెంచొద్దు.

అపోలో బే ఊరు దాటాక ఆ రోడ్డు సముద్రాన్ని వదిలి అడవిలోకి, లేవర్స్ హిల్ మీదికి ఎక్కుతుంది కదా. మేం వచ్చినప్పుడు కారవాన్‌ను అవి నిలిపే పార్కులోనే ఉంచి ఉత్త కారులో వెళ్లాం. అదే పద్ధతి. ఈసారి కారవాన్‌ను కూడా లాక్కుంటూ ఎక్కారా? ఆ ఎండలో, అంత బరువు వెనక వేసుకుని, ఏసీ పూర్తిగా పెట్టుకుని కొండెక్కితే ఇంజిన్ కాగిపోతుంది, గేర్‌బాక్స్ నూనె కూడా కాగుతుంది. ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి లేవడం చూడగానే ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టాలి. ఎండలో హీటరేమిటని అల్లుడుగారు అనొచ్చు. ఇంజిన్ వేడిని కొంత అది బయటికి లాగేస్తుంది. కాసేపు మనకి ఉక్కపోసినా బండి బతుకుతుంది. ఆ తర్వాత భద్రమైన చోటు చూసి ఆపుకోవాలి.

ఆ రోజు గుర్తుందా, మనందరం వెళ్లిన రోజు? అల్లుడుగారు పొద్దున్నే రేడియోలో విని, ఎండ 40 డిగ్రీలు దాటుతుందట, ఉత్తరపు గాలి అన్నారు. ఆ దేశంలో వేసవిలో ఉత్తరం నుంచి గాలి వీస్తే ఎడారి మీదుగా వచ్చిన వేడంతా మోసుకొస్తుందని నాకు అప్పుడే తెలిసింది. సముద్రం పక్కనే ఉన్నాం కదా, చల్లగానే ఉంటుందిలే అని నువ్వన్నావు. గిబ్సన్ స్టెప్స్ అనే మెట్లు దిగి తీరం ఇసుకలో పట్టుమని పది అడుగులు వేయకుండానే అమ్మ చెప్పుల్లోకి ఇసుక పోయి, కాళ్లు కాలి గెంతులు వేసింది. కారు దగ్గరికి తిరిగొచ్చి బుజ్జిగాణ్ణి సీట్లో కూర్చోబెడుతుంటే బెల్టు బకిల్ వాడి తొడకి తగిలింది. ఆ ఏడుపు నాకింకా చెవుల్లో ఉంది. బకిల్ అంత ఎర్రటి మచ్చ, సరిగ్గా దాని ఆకారంలోనే. నువ్వు నీళ్లు పోశావు, నేను గాలి విసిరాను. ఆ రోజు నుంచీ నేను చెబుతూనే ఉన్నాను, కారు ఆపిన ప్రతిసారీ సీటు మీద తెల్లటి తువ్వాలు కప్పమని. కప్పుతున్నావా?

అక్కడి నుంచి లాక్ ఆర్డ్ గార్జ్. 1878లో ఓడ మునిగి అందులోని 54 మందిలో ఇద్దరే బతికి బయటపడిన చోటు. అమ్మ ఆ మెట్ల దగ్గర కూలబడిపోయింది. నీడ లేదు, ముసురుకునే ఈగలు, గాలి పొయ్యి ఊదినట్టు. ఒక బాటిల్ నీళ్లు తాగించి, ఇంకో బాటిల్ చున్నీ మీద పోసి మెడకి చుట్టాం. అయినా మీ ఇద్దరికీ లండన్ బ్రిడ్జ్ అనే ఆ సముద్రపు రాతి వంతెన చూడందే కాదు. 1990లో అది ఒకవైపు కూలితే చివర ఇద్దరు చిక్కుకుపోయి, హెలికాప్టర్ వచ్చి తెచ్చిందని బోర్డు దగ్గర నిలబడి చదువుతున్నాం. అప్పుడు గాలి ఆగింది. ఆకు కదల్లేదు. మరుక్షణం సముద్రం వైపు నుంచి ఒక్క విసురు విసిరింది చూడు, బుజ్జిగాడి టోపీ ఎగిరి కొండ అంచు దాటిపోయింది. వాడు దాని వెనక పరిగెత్తబోతే అల్లుడుగారు చొక్కా పట్టుకుని ఆపారు. ఆయన చెయ్యి ఒక్క జానెడు వెనకబడి ఉంటే అని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. కారెక్కేసరికి 41 చూపించిన అంకె, అడవి దాటి అపోలో బే దిగేసరికి 23కి వచ్చింది.

పార్కుకి వచ్చి చూస్తే ఏముంది. పొద్దున గాలే లేదు కదా అని కారవాన్ పక్క పందిరి అలాగే విప్పి ఉంచి వెళ్లారు మీరు. పక్క కారవాన్ ముసలాయన, ఆయన భార్య ఇద్దరే పట్టుకుని దాన్ని చుట్టి పట్టీలు కట్టారు. ఒక కడ్డీ వంగిపోయింది. వాళ్లు లేకపోతే గుడ్డ చిరిగి పక్కవాళ్ల మీద పడేది. ఆ సాయంత్రం ఆయన మనకి చెప్పినవి నువ్వే నాకు తెలుగు చేసి చెప్పావు. 1983 ఫిబ్రవరి 16న ఆ తీరం మీదికి అడవి మంటలు వచ్చినప్పుడు కూడా ముందు ఉత్తరపు గాలి, తర్వాత ఇలాగే సముద్రపు గాలి తిరిగిందట. గాలి తిరగ్గానే మంటకి పొడవాటి పక్క భాగమే ముందు భాగమైపోయి, ఐరీస్ ఇన్లెట్, యాంగల్సీ ఊళ్ల వైపు వచ్చి పడిందట. ఆ ఒక్క రోజున విక్టోరియాలో, దక్షిణ ఆస్ట్రేలియాలో కలిపి 75 మంది పోయారు. ఆ ముసలాయన అది చెబుతూ చేతిలో కప్పు కింద పెట్టేశాడు, మళ్లీ ఎత్తలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, చల్లబడింది కదా అని ఆ దేశంలో ఊపిరి పీల్చుకోకూడదు. బయటికి వెళ్లే ముందు పందిరి చుట్టి వెళ్లండి, గాలి ఉన్నా లేకపోయినా. మంటల హెచ్చరికలు చూపే విక్‌ఎమర్జెన్సీ యాప్ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి బయలుదేరకముందే చూడాలి. మంటల ప్రమాదం ఎక్స్‌ట్రీమ్ అని ఉంటే ఆ రోజు ఊళ్లోనే ఉండండి. కాటస్ట్రాఫిక్ అని ఉంటే అడవి దరిదాపుల్లో కూడా ఉండొద్దు, ముందురోజే ఖాళీ చేసి వచ్చేయండి. రాళ్లు ఎక్కడికీ పోవు అనబోయాను కానీ, ఆ అపోసల్స్ రాళ్లలో ఒకటి 2005లో చూస్తుండగానే కూలిందట. పోతే పోనీ. మీరు క్షేమంగా ఉండాలి.

ఇంతకీ బుజ్జిగాడికి వాంతులు అయ్యాయా? శారదత్త వాంతులు అంది. వాంతి అయిందంటే అది ఉత్త ఎండ అలసట కాకపోవచ్చు. ఉచ్చ పచ్చగా, ముదురుగా వస్తోందా చూడు. గ్లాసుడు ఒక్కసారి తాగించొద్దు, ఓఆర్‌ఎస్ చెంచా చెంచాగా పట్టించు. ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే పలక్కుండా మత్తుగా ఉంటే మాత్రం నన్ను కాదు అడగాల్సింది, వెంటనే అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి, వాళ్లు వచ్చేలోపు మెడకి, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు వేయాలి. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినా రాస్తున్నాను.

నిద్రపోతున్నాడు కదా, ఒక్క నిమిషం లోపలికి వెళ్లొస్తాం అని వాణ్ణి కారులో ఎప్పుడూ వదలొద్దు. అద్దం రెండు వేళ్లు దించినా ఉపయోగం ఉండదు. అక్కడ అది నేరం కూడా. అలాగే దారిలో పడుకుంటాడు పాపం అని కారవాన్‌లో పడుకోబెట్టి లాక్కెళ్లడం కూడా చట్టం ఒప్పదు, నేనూ ఒప్పను. ఆగిన తర్వాత కూడా కారవాన్ రేకు కాగి బయటికన్నా లోపలే వేడి ఎక్కువ ఉంటుంది. రెండు వైపులా కిటికీలు, పైన మూత తీసి గాలి ఆడాకే వాణ్ణి లోపలికి తీసుకెళ్లు. మీ ఫ్రిజ్ గ్యాస్‌దే కదా, బండి వాలుగా నిలబెడితే అది చల్లబడదు. దాని వెనక జాలీ మీద పడమటి ఎండ పడకుండా నిలబెట్టమను. వాడి పాలు విరిగి, అవే తాగి ఉంటే వాంతులకి అదీ కారణం కావచ్చు. ఆ రోజు పాలు వాసన చూశావా?

అమ్మ వాడికి కొత్త టోపీ కుట్టింది. అంచు వెడల్పుగా, మెడ మీదికి జారేలా వెనక గుడ్డ వేలాడదీసింది. గాలికి ఎగరకుండా గడ్డం కింద కట్టుకోవడానికి తాడు పెట్టింది. గొంతుకి బిగుసుకోకుండా లాగితే ఊడేలా చూడమని నేను చెబితే మళ్లీ విప్పి, మధ్యలో గుండీ వేసి కుట్టింది. వచ్చే వారం మీ పెదనాన్న కొడుకు అక్కడికి వస్తున్నాడు, వాడి చేత పంపుతున్నాం. బుజ్జిగాడు టోపీ పెట్టుకోనని పేచీ పెడితే అమ్మమ్మ చూస్తోందని చెప్పు.

నాకు ఈ సంగతులు రాయి. బుజ్జిగాడికి జ్వరం ఎంతవరకు వెళ్లింది, డాక్టరు ఏమన్నారు, మందు సీసా ఫొటో. బండిలో నీళ్లు ఎక్కడ కారుతున్నాయి, గొట్టం దగ్గరా, పంపు దగ్గరా? దాన్నీ దగ్గరగా ఫొటో తీసి పంపు. ఇక్కడి నుంచే చూసి చెబుతాను. అది బాగయ్యేదాకా కారవాన్ తగిలించొద్దు. డబ్బులు కావాలంటే మొహమాటపడకు.

ఇట్లు,
నాన్న

తా.క. వేడి మీద రేడియేటర్ మూత ఎవరు తీశారు? ఆ బానెట్ ఫొటో తర్వాత నువ్వు పంపిన వేటిలోనూ అల్లుడుగారి కుడిచెయ్యి కనిపించడం లేదు. ఒకసారి చెయ్యి చాపి వీడియోలో చూపించమను.