జిల్లా వైద్యాధికారి గారికి ఒక డయాలసిస్ రోగి బహిరంగ లేఖ

అయ్యా,

చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం నా గుండెలోని మైట్రల్ వాల్వును (కవాటాన్ని) పాడుచేసింది. ఇప్పుడున్నది లోహపు వాల్వు. రాత్రిపూట దాని టిక్ టిక్ మా ఆవిడకూ వినిపిస్తుంది. పైగా గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, వారానికి 3 డయాలసిస్‌లు.

రక్తం గడ్డకట్టకుండా నేను వాడే వార్ఫరిన్ మందు మోతాదు ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) చూసే వేయాలి. నాకది 2.5, 3.5 మధ్య ఉండాలన్నారు. తగ్గితే వాల్వు మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం. పెరిగితే సూది తీసిన చోట నెత్తురు ఆగదు. మొన్న దూది మీద దూది పెట్టి గంటసేపు నొక్కి పట్టుకున్నాను. (పాలకూర కాస్త ఎక్కువ తిన్నా లెక్క మారిపోతుంది, అదో టెన్షన్.)

మా ఏరియా ఆసుపత్రిలో ఈ పరీక్షకు కిట్లు లేవంటున్నారు. డయాలసిస్ లేని రోజు బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోతున్నాను. డయాలసిస్‌కు ఎలాగూ సూది గుచ్చుతారు కదా, అప్పుడు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ఇవ్వకముందే ఆ రక్తంలోంచే శాంపిల్ తీయించండి. కిట్లు పంపించండి చాలు.