రెజీనా 2024 బ్రయర్ ఫైనల్ కబుర్లు

అందరికీ నమస్కారం. నిన్న బ్రాంట్ సెంటర్‌లో కెనడా పురుషుల కర్లింగ్ (మంచు మీద రాళ్లు జార్చే ఆట) ఫైనల్, అదే బ్రయర్, చూసొచ్చాం. మన సస్కాచెవాన్ రాష్ట్రం 1980 తర్వాత మళ్లీ గెలవలేదు కదా, ఊరంతా మన మెకెవెన్ జట్టు మీదే ఆశ పెట్టుకుంది. కానీ 9-5తో ఎదుటి జట్టు గుషూ కప్పు ఎగరేసుకుపోయాడు. స్కిప్‌గా, అంటే జట్టు కెప్టెన్‌గా, వరసగా మూడోది, మొత్తం ఆరోది!

రూల్స్ అడిగినవాళ్లకి: గోళీలాట తెలిస్తే సగం వచ్చినట్టే. కాకపోతే ఈ గోళీ దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయి. ఒక్కో ఎండ్‌లో, అంటే ఒక్కో రౌండులో, జట్టుకి 8 రాళ్లు. రాయి ముందు ఇద్దరు వంగి చీపుర్లతో మంచును గబగబా రుద్దుతారు. రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుంది, వంపూ తగ్గుతుంది. మావాడు ఇంటికొచ్చి వంటగది మొత్తం రుద్దేశాడు, నాకు పని తప్పింది.

శనివారం క్లబ్‌లో మనమూ ఆడి చూద్దామా? వచ్చేవాళ్లు కింద మీ పేరు రాయండి. అడుగు శుభ్రంగా ఉన్న బూట్లు మర్చిపోకండి.