ప్రోటోకాల్‌కు కోర్టు ఆర్డర్ చదవడం రాదు

సంపాదకుడు గారికి,

నేరగాళ్లను పట్టుకోవాలంటే ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాల్లోనే ప్రభుత్వ నిఘాకు వీలు కల్పించాలన్న మాట కొన్నేళ్లకోసారి పైకి వస్తూనే ఉంటుంది, వచ్చిన ప్రతిసారీ వినడానికి సబబుగానే అనిపిస్తుంది. కోర్టు అనుమతి ఉంటే ఫోన్ ట్యాప్ చేయొచ్చు కదా, మరి ఇంటర్నెట్‌లో ఎందుకు చేయకూడదు అని అడుగుతారు. పోలీసులకు ట్యాపింగ్ అధికారం ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ, దాని జోలికి నేను పోవడం లేదు. నేను వద్దంటున్నది ఒక్కటే, ఆ ఏర్పాటును ప్రపంచమంతా వాడే ప్రమాణంలో పెట్టడం.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. అమెరికా 1994లో కలియా అనే చట్టం తెచ్చి, టెలిఫోన్ కంపెనీలు తమ ఎక్స్ఛేంజీల్లో ట్యాపింగ్‌కు వీలుండేలా చూసుకోవాలని చెప్పింది. తర్వాత ఫోన్ మాటలు కూడా ఇంటర్నెట్ మీదుగా వెళ్లడం మొదలైంది. అదే సౌకర్యాన్ని ప్రోటోకాల్స్‌లో, అంటే ఇంటర్నెట్‌లో యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పాటించే నియమాల్లో కూడా పెడదామా అని, ఆ ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సంస్థ ఐఈటీఎఫ్‌లో 1999లో పెద్ద చర్చే జరిగింది. 2000 మేలో ఆర్‌ఎఫ్‌సీ 2804 అనే పత్రంలో తమ నిర్ణయం రాశారు: ప్రమాణాలు తయారుచేసేటప్పుడు ట్యాపింగ్ అవసరాలను లెక్కలోకి తీసుకోం. ట్యాపింగ్ నైతికంగా తప్పా ఒప్పా అన్నదాని మీద తాము ఏ తీర్పూ చెప్పడం లేదని కూడా అందులోనే రాశారు. ఎవరైనా అలాంటి ఏర్పాటు చేసుకుంటే దాన్ని దాచకుండా బయటపెట్టడమే మంచిదన్నారు, నలుగురూ చూస్తే లోపాలు దొరుకుతాయి కాబట్టి. ఇంజినీర్లు రాసిన పత్రాల్లో ఇంత నిజాయితీగా ఉన్నవి తక్కువే అని నా అభిప్రాయం.

వాళ్లు చెప్పిన కారణాల్లో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది ఇది. ఒక్కో దేశంలో ఒక్కో చట్టం, ఒకచోట జడ్జి సంతకం కావాలి, ఇంకోచోట ఒక అధికారి సంతకం చాలు, మరోచోట అదీ అక్కర్లేదు, కానీ ప్రోటోకాల్ మాత్రం అన్నిచోట్లా ఒక్కటే. వినమని అడుగుతున్నది హంతకుడి వెంటపడ్డ పోలీసా, విలేకరి వెంటపడ్డ పోలీసా, లేక పాస్‌వర్డ్ కొట్టేసిన దొంగా అన్నది దానికి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు, సరైన కమాండ్ వస్తే పని చేసేస్తుంది అంతే.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లు గ్రీస్‌లో జరిగింది చూడాలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ రోజుల నుంచి 2005 మార్చి దాకా అక్కడి ప్రధానమంత్రి, మంత్రులు, ఏథెన్స్ మేయర్‌తో సహా వంద మందికి పైగా ఫోన్లను ఎవరో విన్నారు. బయటి నుంచి లైన్లకు ఏమీ తగిలించలేదు. వొడాఫోన్ వాడుతున్న ఎరిక్సన్ ఎక్స్ఛేంజీల సాఫ్ట్‌వేర్‌లో, చట్టబద్ధమైన ట్యాపింగ్ కోసం పెట్టిన భాగం అంతకుముందే ఒక అప్‌గ్రేడ్‌తో వచ్చి కూర్చుంది. ఎవరి లైన్ వింటున్నారో నమోదు చేసే, ఆ పనిని అదుపులో పెట్టే సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఆ కంపెనీ ఇంకా కొనలేదు. అంటే వినే యంత్రం ఉంది, దానికి కాపలా లేదు. లోపలికి దూరినవాళ్లు ఆ భాగాన్ని గుట్టుగా ఆన్ చేసి, ప్రతి కాల్‌కూ ఒక కాపీని 14 ప్రీపెయిడ్ ఫోన్లకు మళ్లించారు. అదైనా బయటపడింది తనిఖీ వల్ల కాదు, వాళ్లు తమ ప్రోగ్రామ్‌ను మార్చబోతే కొన్ని మెసేజ్‌లు చేరాల్సినవాళ్లకు చేరక ఫిర్యాదులు వచ్చి, ఎందుకా అని తవ్వితే దొరికింది. ఆ మెసేజ్‌లు సవ్యంగా చేరి ఉంటే ఇంకెన్నాళ్లు వినేవాళ్లో! దేశ ప్రధానికే దిక్కులేని చోట మామూలు మనిషి ఫోన్ సంగతి వేరే చెప్పాలా?

ఇరవై ఏళ్ల తర్వాత అమెరికాలోనూ దాదాపు ఇదే కథ. చైనాతో సంబంధమున్న హ్యాకర్లు పలు టెలికాం కంపెనీల నెట్‌వర్కుల్లోకి చొరబడ్డారని, కోర్టు ఆదేశాల మేరకు పోలీసు సంస్థలు అడిగిన సమాచారంలో కొంత కాపీ చేసుకున్నారని ఎఫ్‌బీఐ, అక్కడి సైబర్ భద్రతా సంస్థ సిసా 2024 నవంబర్‌లో ప్రకటించాయి. సందేశాలను మధ్యలో ఎవరూ చదవలేకుండా సంకేతాలుగా మార్చే ఎన్‌క్రిప్షన్ వల్ల నేరగాళ్లు చీకట్లోకి జారుకుంటున్నారని ఏళ్ల తరబడి వాదించిన ప్రభుత్వమే, ఆ తర్వాతి నెలలో ఎన్‌క్రిప్ట్ అయిన మెసేజింగ్ వాడండి అని జనానికి చెప్పాల్సి వచ్చింది.

ప్రమాణంలోనే బలహీనత ఉంటే ఏమవుతుందో డ్యూయల్ ఈసీ అనే ర్యాండమ్ నంబర్ జనరేటర్ (ఎన్‌క్రిప్షన్ తాళాలకు కావాల్సిన, ఎవరూ ఊహించలేని సంఖ్యలు తయారుచేసే పద్ధతి) కూడా చూపించింది. అందులో దొడ్డిదారికి అవకాశం ఉందని పరిశోధకులు 2007లోనే చెప్పినా, 2013లో అమెరికా నిఘా రహస్యాలు బయటపెట్టిన స్నోడెన్ పత్రాలు వచ్చేదాకా అది అమెరికా ప్రమాణంగానే కొనసాగింది, 2014లో గానీ తీసేయలేదు. జూనిపర్ కంపెనీ ఫైర్‌వాల్స్‌లో, అంటే నెట్‌వర్కులకు కాపలా కాసే పరికరాల్లో, ఎవరో అందులోని ఒక సంఖ్యను మార్చేసి ఆ దారిని తమ సొంతం చేసుకున్నారని 2015 చివర్లో తేలింది.

ప్రమాణంలో లేకపోతే పోలీసులు చేతులు కట్టుకుని కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. వారంట్‌తో ఫోన్ స్వాధీనం చేసుకోవచ్చు, కంపెనీ దగ్గరున్న రికార్డులు అడగొచ్చు, ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారో తెలుసుకోవచ్చు. ఆపరేటర్ల స్థాయిలో ట్యాపింగ్ ఇప్పుడూ జరుగుతోంది, దానికి యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ లాంటి వాటి ప్రమాణాలు విడిగా ఉన్నాయి. గ్రీస్, అమెరికా ఘటనలు చూశాక అవి సురక్షితమని నేను అనను గానీ, అక్కడ తప్పు జరిగితే జవాబు చెప్పడానికి ఒక కంపెనీ, ఒక చట్టం, ఒక కోర్టు ఉంటాయి. ప్రోటోకాల్‌లో పెడితే ఆ లోపం ప్రతి రౌటర్‌లోకీ ప్రతి ఫోన్‌లోకీ వెళుతుంది, వెనక్కి తీయడానికి ఏళ్లు పడుతుంది. ఇలా అయితే కొన్ని కేసుల్లో దర్యాప్తు కష్టమవుతుంది, కొందరు తప్పించుకుంటారు కూడా. అది చిన్న నష్టమేమీ కాదు, బాధితుల కుటుంబాలకు అసలే కాదు. అయినా నేరం చేయాలనుకున్నవాడు వేరే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని తన దారి తాను చూసుకుంటాడు, ఆ బలహీనతతో మిగిలేది బ్యాంకులు, ఆస్పత్రులు, మనమూ.

ఈసారి ఏ ప్రభుత్వమైనా ఇలాంటి ప్రతిపాదన తెచ్చినప్పుడు, జాతీయ భద్రత కోసం అన్న ఒక్క వాక్యంతో వార్త ముగించకండి. ఎవరు ఎప్పుడు విన్నారో ఎక్కడ నమోదవుతుంది, ఆ రికార్డును ప్రభుత్వం బయట ఎవరు తనిఖీ చేస్తారు, దొంగ దూరితే ఎంతసేపట్లో తెలుస్తుంది అని మీ విలేకరులు అడిగి, వాళ్లిచ్చిన జవాబు ఉన్నదున్నట్టు అచ్చువేయమని కోరుతున్నాను.

— ఒక నెట్‌వర్క్ ఇంజినీరు