సూరీ, మేనల్లుడి కబురు

ఒరేయ్ సూరీ,

నీ మెసేజ్‌లకి జవాబివ్వలేదు, తిట్టుకో, కానీ ముందు ఇది చదువు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, షాపు నడుస్తోంది, మహేంద్రతనయలో నీళ్ళొచ్చాయి. మన గొడుగు మాస్టారు మొన్న కోట దగ్గర కనబడి నిన్ను అడిగారు, అదే గొడుగు, అదే ప్రశ్న! ఏమన్నానో నువ్వే ఊహించుకో.

అసలు సంగతి చెల్లి కొడుకుది. పుట్టిన దగ్గర్నుంచీ వాడి ఊపిరి గరగరమంటోందని చెప్పా కదా, లోపలికి తీసుకున్నా బయటికి వదిలినా చప్పుడే. ఏడ్చినా, పాలు తాగినా ఇంకా ఎక్కువ. దగ్గితే కుక్కపిల్ల మొరిగినట్టుండేది. అమ్మ కఫమంది, ఇక్కడి డాక్టరు పిల్లికూతలన్నాడు, ఉబ్బసమన్నాడు, నెబులైజర్ రాశాడు. పెట్టినప్పుడల్లా చెల్లి ఆశగా వాడి ఛాతీకేసి చూసేది, ఇసుమంతైనా తగ్గేది కాదురా. ఇంకో వింత, గుంటడు మెడ వెనక్కి విరుచుకునే పడుకునేవాడు. సర్ది పడుకోబెడితే ఏడ్చి మళ్ళీ వెనక్కి వాల్చేసేవాడు. అలా ఉంటేనే వాడికి గాలి కాస్త బాగా ఆడుతుందట, ఇప్పుడు తలుచుకుంటే కడుపులో తిప్పేస్తోంది.

అన్నప్రాశన రోజు పరమాన్నం మెతుకు అడ్డం పడి పెదాలు నీలమైపోయాయి. బరంపురమా, విశాఖా అని ఇంట్లో తర్జనభర్జన, చివరికి బావ కారు తీశాడు, పాతపట్నం దాటేదాకా ఎవరూ నోరు మెదపలేదు.

విశాఖలో పిల్లల గుండె డాక్టరమ్మ ఎకో చేసి, రక్తనాళాలు కనబడేలా మందు ఎక్కించి సీటీ తీయించింది. చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. కడుపులో ఉండగా తొలి వారాల్లో బృహద్ధమనికి, అదే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళానికి, కుడి ఎడమల రెండు వంపులుంటాయట, తర్వాత కుడిది కరిగిపోయి ఎడమది మిగలాలి. వీడికి రెండూ మిగిలిపోయి శ్వాసనాళాన్నీ అన్నవాహికనీ కలిపి చుట్టేశాయి! ఊపిరితిత్తుల్లో ఏ లోపమూ లేదు, ఇంక ఆ మందులకి ఎలా తగ్గుతుంది చెప్పు? దీనికి మొదటి ఆపరేషన్ 1945లోనే బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ చేశాడట. అంత పాత సంగతి మన ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదంటే నాకు కోపం ఆగట్లేదు, సర్లే, అది తర్వాత.

ఎడమ పక్కటెముకల సందులోంచి వెళ్ళి రెండింట్లో చిన్న వంపుని కట్టేసి కోశారు, గుండెని ఆపాల్సిన పని లేదు. ఆపరేషనప్పుడు బావ మొహం... వద్దులే. వాడు బాగున్నాడు! గరగర పూర్తిగా పోలేదు, ఇన్నాళ్ళూ నొక్కుకుపోయి శ్వాసనాళం మెత్తబడిందట, గట్టిపడడానికి నెలలు పట్టొచ్చంది. కానీ నిన్న సీసాడు పాలూ ఆగకుండా తాగేశాడురా, చెల్లి ఆ ఖాళీ సీసా పట్టుకుని అలా కూర్చుండిపోయింది.

మీ అక్క పాపకీ చప్పుడొస్తోందన్నావు. హడలిపోకు, చాలామంది పసివాళ్ళకి స్వరపేటిక మెత్తగా ఉండి అలా వస్తుంది, ఏడాది ఏడాదిన్నరకి అదే సర్దుకుంటుంది. కానీ పుట్టిన దగ్గర్నుంచీ ఉందా, మందుకి తగ్గుతోందా, మింగడానికి ఇబ్బంది పడుతోందా, ఇవి మాత్రం అడుగు. పెదాలు నీలమైతే ఒక్క క్షణం ఆగొద్దను. ఏదున్నా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించమను, ఈ వారమే.

కుట్లు చూపించడానికి మళ్ళీ విశాఖ వెళ్ళాలి, బావ కింద హారన్ కొడుతున్నాడు, మిగతాది ఫోన్లో...

నీ
రాంబాబు