బ్రాడీపేట ఇంటి పొగగొట్టం సంగతి

ఒరేయ్ రాంబాబూ,

ఫొటోలు చూశాను. మీ తాతగారి ఇల్లు పడగొట్టకుండా బాగు చేయిస్తున్నందుకు సంతోషం. కానీ వంటింట్లో ఉన్న పాత పొగగొట్టంలోకే కొత్త కిచెన్ చిమ్నీ పైపూ, పక్క బాత్రూంలో పెట్టబోయే గ్యాస్ గీజర్ పొగా రెండూ కలిపేద్దామన్నాడట మీ మేస్త్రీ, అది చదివిన దగ్గర్నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. ముందు ఆ పని ఆపించు.

అది కట్టెల పొయ్యికి కట్టిన గొట్టం రా. పొయ్యి వేడికి లోపలి గాలి తేలికై పైకి లేస్తుంది, దాని వెంటే పొగ పోతుంది. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపల ఎంత వేడిగా ఉంటే అంత బాగా లాగుతుంది. మరి గుంటూరులో మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీలుండి, మందపాటి గోడల మధ్య ఆ గొట్టం చల్లగా ఉంటే? గాలి పైకి పోవడం మాని కిందికి దిగుతుంది. వేసవిలో గీజర్ ఎవరు వేస్తారంటావేమో, మీ నాన్నగారికి పన్నెండు నెలలూ వేడినీళ్లే కదా!

పైగా కిచెన్ చిమ్నీ ఫ్యాను గాలిని ఆ గొట్టంలోకి తోస్తుంటే గీజర్ పొగకు దారేదీ? బాత్రూంలోకే తిరిగొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగూ వాసనా లేవు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అది పీలిస్తే తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం... మనవాళ్లు వేడి చేసిందని మజ్జిగ ఇస్తారు.

ఇంకోటి, గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా వస్తుంది. చల్లటి గొట్టంలో అది నీళ్లై, పాత సున్నం తడిసి రాలుతుంది, పగుళ్లలోంచి పొగ పక్క గదిలోకి వస్తుంది.

కాబట్టి గీజర్‌ని దొడ్డివైపు బయటి గోడకు, గాలి ఆడేచోట పెట్టించు. కిచెన్ చిమ్నీకి విడిగా గోడకు కన్నం కొట్టి, వంపులు లేకుండా పైపు బయటికి వదలమను. పైపు సైజు మాత్రం తగ్గించనివ్వకు.

సంక్రాంతి అరిసెలకు కట్టెల పొయ్యి ఉండాల్సిందేనని అమ్మ పట్టుబడితే పాత గొట్టాన్ని దానికే ఉంచండి. మసి దులిపించి, పగుళ్లు పూడ్పించు. డాబా ఎక్కి పైన పావురాల గూళ్లున్నాయేమో చూడు. అమెరికాలో గొట్టం పైకప్పు మీద కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల లోపల ఉన్న దేనికంటేనైనా 2 అడుగులు ఎత్తుండాలి అంటారు. మీ పక్కన అపార్ట్‌మెంటు లేచింది కదా, గాలి దానికి కొట్టుకుని మీ గొట్టంలోకి దిగే అవకాశం ఉంది. పొయ్యి ముట్టించే ముందు తలుపులు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, గొట్టం నోటి దగ్గర అగరుబత్తి పెట్టి చూడు. పొగ గదిలోకి తిరిగితే ఫ్యాను కట్టేసి కిటికీ తెరిచి మళ్లీ చూడు. అప్పుడూ లాగకపోతే ఆ పొయ్యి దొడ్లోకి మార్చడమే.

ఆదివారం వస్తున్నా, మేస్త్రీని ఉండమను.

నీ
శీను