ఓడలరేవు ఇసుక దారి సంక్రాంతి దాకా లేదండి

కోనసీమలోని ఓడలరేవు నుంచి ఎస్. యానాం వైపు సముద్రాన్ని ఆనుకుని తీసుకెళ్లే ఆదివారం గ్రావెల్ రైడు, అంటే మట్టి, కంకర, ఇసుక దారుల్లో మా సైకిళ్ల మీద చేయించే సవారీ, సంక్రాంతి దాకా ఆపేశాం. దానికోసమే ముందుగా డబ్బు కట్టినవాళ్లున్నారు. టైర్ల ఖర్చుకి వెనకాడి ఆపేశామని ఒక మాట తిరుగుతోందట. మా పాత రైడర్లే ఫోన్ చేసి చెప్పారు. ఆ మాట నాకు గట్టిగానే గుచ్చుకుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వానాకాలం అయ్యాక మా 12 సైకిళ్లకీ కొత్త టైర్లు వేయాలి. 24 టైర్లకి ఆర్డరు పెట్టి, పూర్తి డబ్బు ముందే కట్టాం. అడిగినవి 700 బై 45 (45 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు), ట్యూబ్‌లెస్ రెడీ (లోపల ట్యూబు లేకుండా నడిచేవి), మడతపెట్టే రకం. పెట్టెల మీద స్టిక్కరు కూడా 45 అనే ఉంది. విప్పి చూస్తే టైరు పక్కన అచ్చు పోసిన అంకె 38-622. అంచులో ఇనుప తీగ. అంటే ట్యూబు వేసి వాడుకునే మామూలు టైరు, వెడల్పు 38 మిల్లీమీటర్లు. నేలని పట్టుకునే పై గడులు మాత్రం మేం అడిగిన మోడల్‌వే. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. మీరు ఎక్కడ కొన్నా స్టిక్కరు నమ్మకండి, టైరు మీద అచ్చు ఉన్న అంకె చదవండి.

సరఫరాదారుకి ఫొటోలు పంపితే వచ్చిన జవాబు ఇది: "రిమ్ముకి టేపు వేసి సీలెంటు పోస్తే ఇవీ ట్యూబ్‌లెస్‌గా నిలబడతాయి, అందరూ అలాగే వాడుతున్నారు, కావాలంటే ధర తగ్గిస్తాం." సీలెంటంటే టైరు లోపల పోసే, బెజ్జాలు మూసే ద్రవం. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా మీక్కూడా ఎవరో ఒకరు ఇస్తారు.

ట్యూబ్‌లెస్ టైరు అంచుని రిమ్ము గాడిలో బిగుతుగా కూర్చునేలా కొలతకి చేస్తారు. పక్క గోడని కూడా సీలెంటుతో కలిసి గాలి ఆపేలా చేస్తారు. ట్యూబు టైరుకి ఈ రెండూ అక్కర్లేదు, గాలి ఆపే పని ట్యూబుది కాబట్టి. అయినా మాట వరసకి కాదనకుండా వచ్చినవాటిలో ఒకటి ఎక్కించి చూశాం. సబ్బు నీళ్లు రాసి కంప్రెసర్‌తో కొడితే టైరు కూర్చుంది. కాసేపటికి పక్క గోడ పొడుగునా సన్నటి నురుగు పొంగడం మొదలైంది. 80 మిల్లీలీటర్ల సీలెంటు పోసి, 40 పాయింట్ల (పీఎస్ఐ) గాలితో రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి గేజీలో 10 కూడా లేదు. మళ్లీ గాలి నింపి, ఇసుకకి కావలసినట్టు 28కి దించి, చక్రాన్ని పక్కకి వాల్చి బలంగా నొక్కితే అంచు టప్పున గాడి తప్పింది, సీలెంటు గోడ మీదికి చిమ్మింది. అదే ముందు చక్రానికి, సరుగుడు తోట మలుపులో, వేగంలో ఉన్నప్పుడు జరిగితే మనిషి నేరుగా హ్యాండిల్ మీదుగా పడతాడు. ఆ టైరు మీద మా దగ్గరికొచ్చిన ఎవర్నీ కూర్చోబెట్టను. ధర సగం తగ్గించినా సరే.

ఇక "ట్యూబులు వేసి నడపొచ్చుగా" అన్న ప్రశ్న. ఎక్కువ మథనపడింది దీని దగ్గరే. ట్యూబులు వేస్తే ఒక్క ఆదివారం కూడా మానక్కర్లేదు. సీజన్ అంతా ఈ రెండు మూడు నెలలే, డబ్బొచ్చేదీ అప్పుడే. కానీ 38 టైరులో ట్యూబు వేస్తే 75 కిలోల మనిషికి కనీసం 45 పాయింట్ల గాలి ఉండాలి. అంతకంటే తగ్గిస్తే రాయి తగిలినచోట ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కన రెండు బెజ్జాలు పడతాయి. అలాగని 45 ఉంచితే వదులు ఇసుకలో ముందు చక్రం దిగబడిపోతుంది. పైగా అక్కడ రొయ్యల చెరువుల గట్ల మీద సర్కారు తుమ్మ. ఆ ముల్లు సన్నగా దిగి లోపలే విరుగుతుంది. ట్యూబ్‌లెస్‌లో సీలెంటు చక్రం రెండు మూడు చుట్లు తిరిగేలోపే దాన్ని మూసేస్తుంది. ట్యూబుకైతే ప్రతి ముల్లూ ఒక పంచరే. విరిగిన మొన టైరులో మిగిలిందా, మార్చిన ట్యూబూ పోతుంది. ఎండలో, నీడ లేని గట్టు మీద, పన్నెండు మంది అలా వంతులవారీగా ఆగిపోతుంటే దాన్ని రైడు అనరు.

సముద్రపు అంచున తడి ఇసుక మీద నడపమని కూడా కొందరు అడిగారు. ఆటు సమయంలో అక్కడ నేల గట్టిగానే ఉంటుంది. కానీ ఉప్పునీళ్లు ఒక్కసారి ఫ్రీహబ్‌లోకీ (వెనక చక్రం మధ్య గేర్లు కూర్చునే భాగం) బాటమ్ బ్రాకెట్‌లోకీ (పెడళ్ల ఇరుసు తిరిగేచోటు) పోతే బేరింగులు తొందరలోనే గరగరలాడతాయి. పైగా జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికొస్తాయి. సముద్రపు అంచున ఆ ఇసుక మీదికి మా చక్రాలు ఎక్కవు. ఈ మాట మొదటి నుంచీ చెబుతున్నదే.

సరైన 45 టైర్లు మా సొంత డబ్బుతో వేరేచోట, చిల్లర ధరకే ఆర్డరు పెట్టేశాం. రాజమండ్రిలో, కాకినాడలో అడిగితే ఆ సైజు ఎవరి దగ్గరా లేదు. తప్పు టైర్లు పంపినవాళ్ల నుంచి డబ్బు ఇంకా వెనక్కి రాలేదు. అది మాకూ వాళ్లకూ మధ్య లెక్క, మీ రుసుముల మీద దాని భారం రూపాయి కూడా పడదు.

అప్పటిదాకా ఆదివారం రైడు లొల్ల లాకుల నుంచి కాలువ గట్టు మీదుగా పి. గన్నవరం. చివర్లో వైనతేయ మీద 1850లలో కట్టిన పాత అక్విడెక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) చూసి తిరిగి వస్తాం. గట్టి గ్రావెల్ గట్టుకి ట్యూబు వేసిన 38 టైరు చక్కగా సరిపోతుంది. దీన్ని తక్కువ రకం రైడు అనుకోవద్దు, దీని కష్టాలు దీనికున్నాయి. ఇప్పుడు కోతలు. గొలుసు చక్రాల కోత మిషను దిగినచోట పుంతలో లోతుగా చాళ్లు పడతాయి. ఆ చాలులో ముందు చక్రం ఇరికితే తిప్పడానికి ప్రయత్నించకండి, నేరుగా పోనిచ్చి అది పైకి తేలినచోట బయటికి రండి. ఇంకొకటి వరిగడ్డి. వెనక గేరులో గడ్డి చుట్టుకుంటే తొక్కడం వెంటనే ఆపాలి. బలంగా తొక్కితే గేరు మెకానిజం చక్రం పుల్లల్లోకి లాక్కుపోయి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగరు విరుగుతుంది. దిగి చేత్తో లాగేస్తే నిమిషం పని. ఇక వాన పడితే ఆ ఆదివారం రైడు ఉండదు. మన నల్ల బంకమన్ను ఫోర్కుకీ టైరుకీ మధ్య కూరుకుపోతే చక్రం తిరగనే తిరగదు. రెండు రోజులు గట్టిగా ఎండ కాస్తేనే పుంతలోకి దిగుతాం.

సొంత సైకిలుతో ఓడలరేవు వైపు వెళ్లేవాళ్లని ఆపలేను, వెళ్లండి. 45 టైరుకి చక్రానికి 80 నుంచి 90 మిల్లీలీటర్ల సీలెంటు పోసుకోండి. సీసా మీద మూడు నాలుగు నెలలు అని రాసి ఉన్నా మన ఎండలకి ఆరు వారాలకే చిక్కబడి ఎండుతుంది. చక్రం ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, రాకపోతే మళ్లీ పోయండి. టైరుకి పడే పెద్ద కోతల్లో దూర్చే రబ్బరు ప్లగ్గులు, ఒక స్పేరు ట్యూబు జేబులో ఉండాలి. ఇంటికి రాగానే మంచినీళ్లతో నెమ్మదిగా కడిగి, చెయిను తుడిచి ఆరాకే ఆయిల్ వేయండి. ప్రెషరు గన్ను మాత్రం బేరింగుల మీదికి పట్టొద్దు, అది ఉప్పుని కడగదు, లోపలికి తోస్తుంది.

డబ్బు కట్టినవాళ్లకి మూడు దారులు: కాలువ రైడుకి మార్చుకోవచ్చు (రుసుము తేడా మొత్తం వెనక్కిస్తాం); సంక్రాంతి తర్వాత ఓడలరేవు తేదీకి ఇదే రుసుముతో ఉంచుకోవచ్చు; లేదా పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, ఏ కోతా ఉండదు, కారణమూ అడగం. మీరు బుక్ చేసిన నంబరుకే మెసేజ్ పెట్టండి. కొత్త టైర్లు వచ్చిన రోజు, అచ్చు అంకె కనిపించేలా ఫొటో తీసి మీ అందరికీ పంపుతాను. అది చూశాకే తేదీలు ఎంచుకోండి.